హాస్కెల్ కర్రీ: రెండు పేర్ల మధ్య ఖాళీకి అర్థం చెప్పిన తర్కశాస్త్రవేత్త

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషను నేర్చుకోవడం మొదలుపెట్టినవారు తొలి రోజుల్లోనే ఒక చిన్న చిక్కులో పడతారు. 9, 16 కలిపితే 25. దాని వర్గమూలం 5. ఈ లెక్క చేయించాలని వర్గమూలం కట్టే ఫంక్షన్ పేరు రాసి, కాస్త ఖాళీ వదిలి, పక్కన 9 + 16 అని రాస్తే కంప్యూటర్ 5 అని చెప్పదు. 19 అని చెబుతుంది.

కంప్యూటర్ పొరబడలేదు. ముందుగా 9కి వర్గమూలం కట్టింది. వచ్చిన 3కు 16 కలిపింది. ఫంక్షన్ పేరుకూ, దాని పక్కనున్న విలువకూ మధ్య వదిలిన ఖాళీ కూడిక గుర్తు కంటే బలమైనదని ఆ భాష నియమం.

ఒక పేరు పక్కన మరొక పేరు ఉంచడం అనే ఇంత చిన్న విషయం మీద ఒక మనిషి సుమారు అరవై ఏళ్లు ఆలోచించారు. ఆ భాషకు పెట్టినది ఆయన పేరే. భాష పుట్టేనాటికి ఆయన లేరు.

వక్తృత్వం నేర్పే ఇంట్లో

హాస్కెల్ బ్రూక్స్ కర్రీ 1900 సెప్టెంబర్ 12న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో మిల్లిస్ అనే ఊరిలో జన్మించారు. తండ్రి శామ్యూల్ సైలస్ కర్రీ, తల్లి ఆనా బారైట్ కర్రీ బోస్టన్ నగరంలో వక్తృత్వ పాఠశాల నడిపేవారు. మాటను భావంతో ఎలా పలకాలో నేర్పడం వారి వృత్తి. భావాన్నంతటినీ పక్కన పెట్టి, గుర్తుల అమరికను మాత్రమే చూసే శాస్త్రంలో కుమారుడు స్థిరపడటం ఆ ఇంటి చరిత్రలో ఒక విచిత్రం.

కర్రీ 1916లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరింది వైద్యం చదవాలని. తర్వాత గణితానికి మారారు. మొదటి ప్రపంచ యుద్ధం చివరి వారాల్లో సైన్యంలో పేరు నమోదు చేసుకున్నారు. యుద్ధం ముగియడంతో తిరిగి వచ్చి 1920లో పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లు ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదువుతూ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పని చేశారు. అది నచ్చలేదు. భౌతికశాస్త్రానికి మారి 1924లో ఎంఏ పూర్తిచేశారు. అదీ నిలవలేదు. మళ్లీ గణితానికే వచ్చారు. ఇంతమంది గురువుల గుమ్మాలు తొక్కిన విద్యార్థిని నిలకడ లేనివాడనడం సహజం. అయితే ఆయన మనసు 1922లోనే ఒకచోట నిలిచిపోయింది.

క బదులు చ

ఆ ఏడాది కర్రీ చేతికి రస్సెల్, వైట్‌హెడ్ రాసిన ప్రిన్సిపియా మేథమాటికా వచ్చింది. గణితాన్నంతటినీ తర్కం మీద నిలబెట్టాలన్నది ఆ గ్రంథం పూనిక. తొలి అధ్యాయంలోనే ఒక సంగతి కర్రీ కంటబడింది. అక్కడ వాడిన అనుమాన సూత్రాల్లో ఒకటి చాలా సరళమైనది: ఒకటి నిజమైతే రెండోది నిజమవుతుందని తెలిసి, మొదటిది నిజమని తేలితే, రెండోది నిజమే. మరొక సూత్రం ప్రతిక్షేపణ, అంటే ఒక అక్షరం ఉన్నచోట మరొకదాన్ని ఉంచడం. చూడటానికి ఇదే తేలికైనదిగా కనిపిస్తుంది. తరచి చూస్తే ఇదే కష్టమైనది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. క అనే ఏ సంఖ్యను తీసుకున్నా, దానికన్నా పెద్దదైన చ అనే సంఖ్య ఒకటి ఉంటుంది. ఇది నిజం. ఇప్పుడు ఈ మాటలో క ఉన్నచోట చ అని ఉంచితే, చ కన్నా పెద్దదైన చ ఉంటుందని వస్తుంది. నిజమైన వాక్యం ఒక్క అక్షరం మార్పుతో అబద్ధమైపోయింది. పిల్లలు బడిలో రోజూ చేసే పనికి ఇన్ని జాగ్రత్తలు ఎందుకు అవసరమవుతున్నాయి? ఆ పనిని అంతకన్నా చిన్న పనులుగా విడగొట్టవచ్చా? కర్రీని పట్టుకున్న ప్రశ్న ఇది.

హార్వర్డ్‌లో ఆచార్యుడు జార్జ్ బిర్కాఫ్ ఆయనకు అవకలన సమీకరణాల మీద పరిశోధన అప్పగించారు. కర్రీ ఆ పని చేస్తూనే తర్కం పుస్తకాలు చదివారు. చివరికి సమీకరణాలను వదిలేశారు.

గ్రంథాలయంలో దొరికిన వ్యాసం

1927లో కర్రీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బోధకుడిగా చేరారు. ప్రతిక్షేపణను ముక్కలు చేసే పద్ధతి అప్పటికే ఆయన మనసులో రూపు కట్టింది. అక్కడి గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేస్తుండగా 1924లో జర్మన్ భాషలో అచ్చయిన ఒక వ్యాసం కనబడింది. రచయిత మోసెస్ షోన్‌ఫింకెల్. కర్రీ తన సొంతమనుకున్న ఆలోచన సారమంతా అందులో ఉంది.

షోన్‌ఫింకెల్ నేటి ఉక్రెయిన్‌లోని ద్నిప్రో నగరంలో పుట్టినవారు. జర్మనీలోని గోటింగెన్‌లో హిల్బర్ట్ బృందంలో పనిచేస్తూ 1920 డిసెంబర్‌లో ఈ విషయంపై ప్రసంగించారు. ఆయన చూపిన మొదటి సంగతి ఇది: రెండు విలువలు తీసుకునే ఫంక్షన్ అంటూ వేరే అక్కరలేదు. కలుపు అనే ఫంక్షన్‌కు 3 ఇస్తే చాలు, అది ఒక కొత్త ఫంక్షన్‌ను చేతికిస్తుంది. ఆ కొత్తది ఏ సంఖ్య ఇచ్చినా దానికి 3 కలిపే ఫంక్షన్. దానికి 4 ఇస్తే 7 వస్తుంది. కలుపు 3 4 అని పక్కపక్కన రాసినదంతా ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క విలువను అందుకుంటూ సాగే ప్రయాణం. అందుకే బ్రాకెట్లు అక్కరలేదు.

కర్రీ ఆ రచయిత కోసం ఆరా తీశారు. అప్పుడు ప్రిన్స్‌టన్‌కు వచ్చి ఉన్న రష్యా గణితవేత్త పావెల్ అలెగ్జాండ్రోవ్ ద్వారా తెలిసిందేమంటే, షోన్‌ఫింకెల్ మాస్కోలో మానసిక చికిత్సాలయంలో ఉన్నారు. ఆయన ఈ పనిని ముందుకు తీసుకువెళ్లే ఆశ లేదు. 1942 ప్రాంతంలో ఆయన మాస్కోలోనే కన్నుమూశారు.

విలువలను ఒక్కొక్కటిగా అందించే ఈ పద్ధతిని నేడు ప్రపంచమంతా కర్రీయింగ్ అంటోంది. వంటింటి కర్రీకీ దీనికీ సంబంధం లేదు; అది ఇంటిపేరు నుంచి వచ్చిన మాట. 1960ల నుంచి కంప్యూటర్ శాస్త్రంలో ఈ పేరు స్థిరపడింది. కర్రీ మాత్రం ఈ ఘనత షోన్‌ఫింకెల్‌దేనని రాస్తూ వచ్చారు. ఈ ఆలోచన జాడలు ఇంకా వెనక, 19వ శతాబ్దపు జర్మన్ తార్కికుడు ఫ్రెగె రచనల్లోనూ ఉన్నాయి. కనిపెట్టినవారి పేరు కాక, దానితో జీవితాంతం కాపురం చేసినవారి పేరు నిలిచిన సందర్భాల్లో ఇదొకటి.

నాలుగు పనిముట్లు

తనకన్నా ముందు మరొకరు చేరుకున్నారని తెలిస్తే చాలామంది దారి మార్చుకుంటారు. కర్రీ ఆ దారి మొదలున్న ఊరికే బయలుదేరారు. 1928 జులైలో వర్జీనియా వీట్లీని వివాహమాడి, ఆమెతో కలిసి జర్మనీ చేరారు. గోటింగెన్‌లో షోన్‌ఫింకెల్‌ను ఎరిగిన పాల్ బెర్నేస్ ఆయన పరిశోధనను నడిపించారు. అధికారికంగా గురువు డేవిడ్ హిల్బర్ట్. ఏడాది తిరగకుండానే, 1929 జులైలో, కర్రీ మౌఖిక పరీక్ష పూర్తిచేశారు. సిద్ధాంత గ్రంథం జర్మన్‌లోనే 1930లో అచ్చయింది.

అందులో కర్రీ నాలుగు ప్రాథమిక ఫంక్షన్లను ఎంచుకున్నారు. వాటికి బి, సి, డబ్ల్యూ, కె అని పేర్లు. ఒక ఫంక్షన్ ఫలితాన్ని మరొక ఫంక్షన్‌కు అందించేది బి. రెండు విలువల క్రమాన్ని తారుమారు చేసేది సి. ఒకే విలువను రెండుసార్లు వాడేది డబ్ల్యూ. రెండు విలువలిస్తే మొదటిదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేసేది కె. జతచేయడం, తారుమారు చేయడం, రెట్టించడం, పారేయడం. ప్రతిక్షేపణలో జరిగే పనంతా ఈ నాలుగింటిలోకి వచ్చేస్తుంది. క, చ వంటి అక్షరాలే అక్కరలేదు కనుక వాటి మధ్య తగవులూ ఉండవు. వీటికి కాంబినేటర్లని పేరు, ఈ శాస్త్రానికి సంయోగ తర్కమని పేరు.

పునాది కదిలిన ఏడు

1929 శరత్కాలంలో కర్రీ పెన్సిల్వేనియా స్టేట్ కళాశాలలో అధ్యాపకుడయ్యారు. కొద్ది వారాల్లోనే అమెరికా ఆర్థిక మాంద్యంలో పడింది. తర్కశాస్త్రానికి పేరున్న విద్యాస్థానం కాదది. అయినా మధ్యలో కొన్ని సెలవులు తప్ప 1966 వరకు కర్రీ అక్కడే ఉండిపోయారు.

కాంబినేటర్ల మీద తర్కాన్ని, తర్కం మీద గణితాన్ని కట్టాలన్నది ఆయన సంకల్పం. ప్రిన్స్‌టన్‌లో అలోంజో చర్చ్ మరో మార్గంలో అదే ప్రయత్నం చేస్తున్నారు. 1935లో చర్చ్ శిష్యులు స్టీఫెన్ క్లీనీ, జె. బి. రాసర్ ఒక ఫలితం ప్రకటించారు. చర్చ్ వ్యవస్థలోనూ, కర్రీ విస్తరించిన వ్యవస్థలోనూ వైరుధ్యం ఉందని వారు నిరూపించారు. వైరుధ్యం ఉన్న వ్యవస్థలో ఏ వాక్యాన్నయినా నిరూపించవచ్చు. అంటే అక్కడ నిరూపణకు విలువే లేదు. కర్రీకి అప్పుడు 35 ఏళ్లు. అప్పటి వరకు చేసిన పనిలో పెద్ద భాగం ప్రశ్నార్థకమైంది.

చర్చ్ తన వ్యవస్థలోంచి తర్క భాగాన్ని తొలగించి, ఫంక్షన్ల భాగాన్ని వేరుచేసి నిలబెట్టుకున్నారు. కర్రీ దెబ్బ తగిలిన చోటునే పరీక్షించసాగారు. ఆ వైరుధ్యానికి అసలు కారణమేమిటో ఏళ్ల తరబడి వెతికి, 1942లో దాని సారాన్ని కొద్ది పంక్తుల్లోకి కుదించారు. నేడు కర్రీ విరోధాభాస అనేది అదే.

ఆ చిక్కు తెలుగులో ఇలా ఉంటుంది. ఈ వాక్యం నిజమైతే చంద్రుడు వెన్నముద్ద అని ఎవరో రాశారనుకుందాం. ఆ వాక్యం నిజమని ఒక్క క్షణం అనుకుంటే, అది చెప్పిన ప్రకారం చంద్రుడు వెన్నముద్ద కావాలి. అంటే, వాక్యం నిజమైతే చంద్రుడు వెన్నముద్ద అని మనం చూపించినట్టే. వాక్యం చెబుతున్నది సరిగ్గా అదే కనుక వాక్యం నిజమని తేలింది. ఇక చంద్రుడు వెన్నముద్ద కాక తప్పదు. ఇందులో కాదు అనే మాట ఎక్కడా లేదు. తనను తాను ప్రస్తావించుకోగల స్వేచ్ఛ, అయితే అనే పదం, ఈ రెండూ కలిస్తే చాలని కర్రీ చూపారు.

ఈ దెబ్బకు ముందే, 1934లో, కర్రీ మరొక సంగతి గమనించారు. ప్రతి ఫంక్షన్‌కూ ఒక రకం ఉంటుంది: ఏ జాతి విలువ తీసుకుంటుంది, ఏ జాతి విలువ ఇస్తుంది అన్నది. కె అనే కాంబినేటర్ రకాన్ని బాణం గుర్తులతో రాసి, ఆ బాణాలను అయితే అని చదివితే, అది తర్కశాస్త్రంలో అందరికీ తెలిసిన ఒక సూత్రమే. ఇది యాదృచ్ఛికం కాదని, ప్రోగ్రాము రాయడమూ నిరూపణ రాయడమూ ఒకటేనని చెప్పే సిద్ధాంతం 1969లో విలియం హోవర్డ్ చేతిలో పూర్తి రూపం దాల్చింది. కర్రీ చేసిన పనుల్లో అన్నిటికన్నా దూరం ప్రయాణించినది బహుశా ఇదే.

యంత్రం ముందు కొన్నాళ్లు

రెండో ప్రపంచ యుద్ధంలో కర్రీ తర్కాన్ని పక్కన పెట్టి 1942 నుంచి సైనిక పరిశోధనలో పనిచేశారు. 1945, 46 ప్రాంతంలో మేరీలాండ్‌లోని బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేస్తుండగా ఎనియాక్ అనే తొలి తరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌తో ఆయనకు పరిచయమైంది. తీగలు తగిలించి, మీటలు తిప్పి ఆ యంత్రానికి పని చెప్పాలి. విల్లా వ్యాట్‌తో కలిసి ఆయన దాని మీద ఒక లెక్కను ఎలా నడపాలో వివరంగా నివేదిక రాశారు.

ఆ అనుభవం నుంచి మరో ఆలోచన పుట్టింది. పెద్ద ప్రోగ్రామును చిన్న ప్రోగ్రాముల కూర్పుగా, నియమబద్ధంగా కట్టాలన్నది దాని సారం. 1949, 50లలో నౌకాదళ ఆయుధ పరిశోధనశాల కోసం రాసిన పత్రాల్లో దీన్ని వివరించారు. అవి ఎక్కువమంది చేతికి వెళ్లలేదు. కర్రీ కూడా తిరిగి తర్కానికే వెళ్లిపోయారు.

సంయోగ తర్కంపై రాబర్ట్ ఫేస్ సహకారంతో రాసిన ప్రధాన గ్రంథం మొదటి సంపుటం 1958లో వచ్చింది. రెండోది రోజర్ హిండ్లీ, జోనాథన్ సెల్డిన్‌లతో కలిసి 1972లో. పెన్ స్టేట్ నుంచి విరమించాక 1966 నుంచి 1970 వరకు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బోధించారు. 1982 సెప్టెంబర్ 1న, 82వ పుట్టినరోజుకు పదకొండు రోజుల ముందు, స్టేట్ కాలేజ్ పట్టణంలో ఆయన మరణించారు.

ఇష్టం లేని పేరు

1987లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో జరిగిన ఒక సదస్సులో శాస్త్రవేత్తలు ఒక నిర్ణయానికి వచ్చారు. ఫంక్షన్లనే ఆధారం చేసుకున్న ప్రోగ్రామింగ్ భాషలు అప్పటికి డజనుకు పైగా ఉన్నాయి. అందరూ వాడుకోగల ఒక్క భాష కావాలి. దీనికోసం ఏర్పడిన బృందంలో ఐఐటీ కాన్పూర్‌లో చదివి ఎంఐటీలో పనిచేస్తున్న అరవింద్, రిషియూర్ నిఖిల్ కూడా ఉన్నారు.

1988 జనవరిలో యేల్ విశ్వవిద్యాలయంలో పేరు గురించి చర్చ జరిగింది. ముందు కర్రీ అనుకున్నారు. మర్నాటికి సందేహం కలిగింది: ఆ పేరుతో వంటకాల హాస్యం తప్పదు. చివరికి ఆయన మొదటి పేరు ఖాయమైంది. పాల్ హుడాక్, డేవిడ్ వైజ్ ఆయన భార్య వర్జీనియా కర్రీని అనుమతి కోరారు. ఆమె అంగీకరించారు. అయితే తర్వాత, తన భర్తకు హాస్కెల్ అనే పేరు ఎన్నడూ నచ్చలేదని చెప్పారట.

భాష తొలి వివరణ పత్రం 1990 ఏప్రిల్ 1న వెలువడింది. నేడు దాన్ని వాడేవారిలో బెంగళూరులో మొదలైన ఆటో యాప్ నమ్మ యాత్రి నిర్మాతలూ ఉన్నారు.

ఖాళీకి అగ్రస్థానం

మొదటి చిక్కుకు తిరిగి వస్తే, హాస్కెల్‌లో ఫంక్షన్‌ను విలువకు వర్తింపజేయడానికి ఏ గుర్తూ లేదు. ఖాళీయే గుర్తు. అది అన్ని ఆపరేటర్ల కన్నా గట్టిగా బిగుస్తుంది, ఎడమ నుంచి కుడికి సాగుతుంది. షోన్‌ఫింకెల్, కర్రీ పాటించిన పద్ధతే ఇది.

ఆపరేటర్లకు 0 నుంచి 9 వరకు హోదాలున్నాయి. గుణకారానికి 7, కూడికకు, తీసివేతకు 6. హోదా సమానమైతే దిక్కు చూడాలి. తీసివేత ఎడమ నుంచి సాగుతుంది: 10 - 3 - 2 అంటే 5. ఘాతం కుడి నుంచి సాగుతుంది: 2 ^ 3 ^ 2 అంటే 64 కాదు, 512.

ఆపరేటర్ వేరే జాతి కాదు. అది రెండు విలువల మధ్య కూర్చునే ఫంక్షన్, అంతే. దాన్ని బ్రాకెట్లలో పెట్టి (+) 3 4 అని రాస్తే మామూలు ఫంక్షన్‌లా ముందుకు వచ్చి 7 ఇస్తుంది. మామూలు ఫంక్షన్ పేరుకు రెండు పక్కలా వెనక్కి వాలిన కొటేషన్ గుర్తులు పెడితే అది ఆపరేటర్‌లా మధ్యలో కూర్చుంటుంది. ఆపరేటర్‌కు ఒక పక్క మాత్రమే విలువ ఇచ్చి బ్రాకెట్లలో పెట్టినా చెల్లుతుంది. (/ 2) అంటే దేన్నయినా సగం చేసే ఫంక్షన్; దానికి 10 ఇస్తే 5. (2 /) అంటే రెండును దేనితోనైనా భాగించేది. దానికి 10 ఇస్తే 0.2. ఇదంతా కర్రీయింగ్ ఫలమే.

తీసివేత గుర్తు దగ్గర మాత్రం కొత్తవారు జాగ్రత్త పడాలి. ఒక ఫంక్షన్ పేరు పక్కన -5 అని రాస్తే, ఆ ఫంక్షన్‌లోంచి 5 తీసివేయమన్నట్టు అర్థమవుతుంది. బ్రాకెట్లు పెట్టి (-5) అని రాయాలి. ఒకే గుర్తుకు రెండు పనులు అప్పగించడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. ఈ భాషలోని చక్కదనానికి ఇదొక మచ్చ.

మొదటి లెక్కకు జవాబు 5 రావాలంటే 9 + 16 చుట్టూ బ్రాకెట్లు పెట్టవచ్చు. లేదా ఖాళీ స్థానంలో డాలర్ గుర్తు రాయవచ్చు: వర్గమూలం $ 9 + 16. డాలర్ చేసే పని కూడా ఖాళీ చేసే పనే, ఫంక్షన్‌ను విలువకు వర్తింపజేయడమే. తేడా హోదాలో ఉంది. ఖాళీది అందరికన్నా పై స్థానం, డాలర్‌ది అట్టడుగు, సున్నా. అందువల్ల డాలర్‌కు కుడివైపున్న లెక్కంతా ముందు పూర్తయి, ఆ తర్వాతే ఫంక్షన్ రంగంలోకి దిగుతుంది.

కర్రీ 1930లో అచ్చు వేయించిన నాలుగు పనిముట్లు కూడా ఈ భాషలో కనిపిస్తాయి. బి ఇక్కడ ఒక చుక్క. రెండు ఫంక్షన్ల మధ్య పెడితే అవి జతపడతాయి. సి పేరు ఫ్లిప్. కె పేరు కాన్‌స్ట్. ఈ మూడూ భాషతో పాటే మొదటి రోజు నుంచి చేతికి అందుతాయి. డబ్ల్యూ కావాలంటే మాత్రం మరో లైబ్రరీ తెరిచి, జాయిన్ అనే పేరు కింద వెతుక్కోవాలి.